బ్యాండు ఉమ్మడి, వేలం ఎవరిది వారిదే: యూరప్ స్పెక్ట్రమ్ లెక్క

యూరప్ టెలికాం వార్తలు వరసగా చదివితే తికమకగా ఉంటుంది. స్పెక్ట్రమ్ విషయంలో దేశాలన్నీ ఒక్క మాట మీద నిలబడ్డాయి కాబట్టే జీఎస్ఎం అనే డిజిటల్ మొబైల్ పద్ధతి ప్రపంచమంతా పాకిందని ఒక చోట రాస్తారు. అదే స్పెక్ట్రమ్ విషయంలో ఎవరికి వారే యమునా తీరే అన్నట్టున్నారు కాబట్టే 5జీలో అమెరికా, చైనాల కంటే వెనకబడ్డారని ఇంకో చోట రాస్తారు. యూరప్ పోటీ సామర్థ్యం మీద 2024 సెప్టెంబరులో ఇటలీ మాజీ ప్రధాని మారియో ద్రాగి ఇచ్చిన నివేదిక తర్వాత ఈ రెండో మాట మరీ గట్టిగా వినిపిస్తోంది. డిజిటల్ నెట్‌వర్క్స్ యాక్ట్ అనే కొత్త టెలికాం చట్టం పేరుతో యూరోపియన్ యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్‌లో నడుస్తున్న చర్చలో తేలని చిక్కుల్లో ఇదొకటి.

రెండు మాటల్లోనూ నిజం ఉంది. అవి వేర్వేరు పనుల గురించి చెప్పిన మాటలు కావడమే తికమకకు కారణం.

ఉమ్మడిగా చేసేది ఎంత, విడిగా చేసేది ఎంత

రేడియో తరంగం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో ఆ సంఖ్య ఫ్రీక్వెన్సీ. మనం వాడుకోగలిగిన ఫ్రీక్వెన్సీలన్నీ కలిపితే స్పెక్ట్రమ్. అందులో ఒక పనికి కేటాయించిన ముక్క బ్యాండు. ఎఫ్ఎం రేడియో 100 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. మొబైల్ ఫోన్లు ఎక్కువగా 700 నుంచి 3,800 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. ఒకే చోట, ఒకే సమయంలో, ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు ప్రసారం చేస్తే ఇద్దరి సిగ్నలూ చెడుతుంది. సిగ్నల్‌కు పాస్‌పోర్ట్ అక్కర్లేదు కనుక చిన్న చిన్న దేశాలు పక్కపక్కనే ఉన్న యూరప్‌లో ఈ బాధ మరీ ఎక్కువ.

ఒక బ్యాండు వాడుకలోకి రావాలంటే మూడు విషయాలు తేలాలి. మొదటిది, ఆ బ్యాండు ఏ పనికి? టీవీకా, మొబైల్‌కా, సైన్యానికా? రెండోది, ఏ సాంకేతిక షరతులతో? అంటే ఎంత పవర్‌తో ప్రసారం చేయవచ్చు, పక్క బ్యాండులోకి ఎంత వరకు కారినా సహిస్తారు వంటివి. మూడోది, ఎవరికి ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు, ఎంతకు, ఎన్నేళ్లకు?

మొదటి రెండూ యూరప్‌లో చాలా వరకు ఉమ్మడిగా తేలతాయి. మూడోది మాత్రం ఈనాటికీ ఏ ప్రభుత్వానికి ఆ ప్రభుత్వం చేసుకునే పనే. జీఎస్ఎం విజయాన్ని పొగిడేవాళ్లు మొదటి రెండింటి గురించి చెబుతున్నారు. ముక్కచెక్కల మార్కెట్ అని విమర్శించేవాళ్లు మూడోదాని గురించి చెబుతున్నారు.

జీఎస్ఎం గెలిచింది, ఎర్మెస్ ఓడింది

1980లలో యూరప్‌లో కారు ఫోను ఉన్నవాడు సరిహద్దు దాటితే అది ఉత్త డబ్బాగా మారేది. ఉత్తరాది దేశాలు ఎన్ఎంటీ వాడేవి, బ్రిటన్ టాక్స్, పశ్చిమ జర్మనీ సీ-నెట్జ్, ఫ్రాన్స్ రేడియోకామ్ 2000. బ్యాండులు వేరు, పద్ధతులు వేరు. ఏ దేశానికి ఆ దేశం కొద్దిపాటి ఫోన్లు తయారు చేయించుకునేది కాబట్టి ధర ఆకాశంలో ఉండేది.

యూరప్ తపాలా, టెలికాం శాఖల సంఘమైన సెప్ట్ 1982లో గ్రూప్ స్పెషల్ మొబైల్ అనే బృందాన్ని వేసింది. జీఎస్ఎం అనే మూడక్షరాలు మొదట ఈ బృందం పేరే. 1987లో అప్పటి యూరోపియన్ కమ్యూనిటీ ఒక ఆదేశం తెచ్చి 890-915, 935-960 మెగాహెర్ట్జ్ బ్యాండులను ఈ కొత్త డిజిటల్ ఫోన్‌కు కేటాయించాలని సభ్య దేశాలకు చెప్పింది. అదే ఏడాది సెప్టెంబరులో కోపెన్‌హాగన్‌లో 13 దేశాల ఆపరేటర్లు ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. 1991 జూలై 1న ఫిన్లాండ్‌లో తొలి కాల్ వెళ్లింది. మన దేశం 1995లో మొబైల్ సేవలు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్నదీ ఇదే జీఎస్ఎం. హైదరాబాద్‌లో కొన్న పాత నోకియాను లండన్‌లో దిగి ఆన్ చేస్తే నెట్‌వర్క్ దొరికిందంటే దాని వెనక ఉన్నది 900 మెగాహెర్ట్జ్ మీద కుదిరిన ఆ అంగీకారమే.

ఇక్కడితో ఆపేస్తే కథ అందంగానే ఉంటుంది. కానీ 1990లో ఇదే పద్ధతిలో పేజర్ల కోసం ఇంకో ఆదేశం వచ్చింది. ఎర్మెస్ అనే యూరప్ పేజింగ్ వ్యవస్థకు దేశాలన్నీ 169.4-169.8 మెగాహెర్ట్జ్ ముక్కను కేటాయించాలన్నారు. బ్యాండు సిద్ధమైంది, ప్రమాణాలు సిద్ధమయ్యాయి, వాడేవాళ్లు మాత్రం రాలేదు. ఎస్ఎంఎస్ ఉన్న ఫోను చేతికొచ్చాక పేజర్ ఎవరికి కావాలి? ఆ బ్యాండు ఖండమంతటా ఏళ్ల తరబడి దాదాపు ఖాళీగా పడి ఉంది. 2005లో ఆ ఆదేశాన్ని రద్దు చేసి, వినికిడి పరికరాలకు, దూరం నుంచి మీటర్ రీడింగ్ తీసే పరికరాలకు, మరికొన్ని అవసరాలకు ఆ ముక్కను పంచారు. అందరూ కలిసి తప్పు గుర్రం మీద పందెం కాస్తే ఓడిపోయేదీ అందరూ కలిసే.

జీఎస్ఎం ఆదేశానికీ ఈ మరక ఉంది. 900 బ్యాండును ఒకే టెక్నాలజీకి కట్టేయడంతో, అందులో 3జీ నడపడానికి 2009లో చట్టాన్నే మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు వచ్చే నిర్ణయాలు ఏ టెక్నాలజీ అన్నది చెప్పకుండా, పక్కవాడికి ఇబ్బంది కలిగించే సిగ్నల్‌కు మాత్రం హద్దు గీస్తాయి.

ఐటీయూ, సెప్ట్, బ్రస్సెల్స్: ఎవరి మాట ఎంత చెల్లుతుంది

అన్నిటికంటే పైన ఉన్నది ఐక్యరాజ్యసమితి అనుబంధ సంస్థ ఐటీయూ. మూడు నాలుగేళ్లకోసారి ప్రపంచ రేడియో సదస్సు పెట్టి ఏ బ్యాండు ఏ సేవకో తేలుస్తుంది. దాని లెక్కలో ప్రపంచం మూడు రీజియన్లు. యూరప్, ఆఫ్రికా ఒకటో రీజియన్‌లో ఉంటే మనం మూడో దాంట్లో ఉన్నాం. ఈ సదస్సుల్లో ఓటు దేశాలది. యూరోపియన్ యూనియన్‌కు ఓటు లేదు.

తర్వాతది సెప్ట్. 1959లో 19 దేశాలతో మొదలై ఇప్పుడు 46 దేశాల సంఘమైంది. యూనియన్‌లో లేని బ్రిటన్, స్విట్జర్లాండ్, నార్వే, తుర్కియే, ఉక్రెయిన్ కూడా ఇందులో సభ్యులే. ఇంజినీర్లు కూర్చుని డెసిబెల్స్ లెక్కలు కట్టేది ఇక్కడే. కానీ సెప్ట్ నిర్ణయాలు ఇష్టమైతే పాటించేవి, తప్పనిసరి కావు.

వాటిని తప్పనిసరి చేసేది యూనియన్. 2002లో వచ్చిన రేడియో స్పెక్ట్రమ్ నిర్ణయం ఒక దారి వేసింది. యూనియన్ పాలనా యంత్రాంగమైన యూరోపియన్ కమిషన్ ఫలానా బ్యాండును పరిశీలించమని సెప్ట్‌కు పని అప్పగిస్తుంది. సెప్ట్ నివేదిక ఇస్తుంది. సభ్య దేశాల ప్రతినిధుల కమిటీ దాన్ని చూసి ఒప్పుకున్నాక కమిషన్ నిర్ణయంగా వెలువడుతుంది. అప్పుడు సభ్య దేశాలన్నీ పాటించి తీరాలి. బయటివాళ్లకు ఇది సాగతీతలా కనిపిస్తుంది గానీ, సరిహద్దు అవతల ఉన్న యూనియనేతర దేశం కూడా అదే సెప్ట్ గదిలో కూర్చుని లెక్కలు కట్టి ఉండటం వల్ల, ఆ దేశాన్ని ఒప్పించే పని సగం అక్కడే తీరిపోతుంది.

26 గిగాహెర్ట్జ్ (ఒక గిగాహెర్ట్జ్ అంటే వెయ్యి మెగాహెర్ట్జ్) బ్యాండు సంగతి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. 5జీకి ఇవ్వాలనుకున్న 24.25-27.5 గిగాహెర్ట్జ్ కింద, కాస్త దూరంలోనే 23.6-24 గిగాహెర్ట్జ్ ముక్క ఉంది. గాలిలోని నీటి ఆవిరి సహజంగా వెలువరించే అతి సన్నని సంకేతాన్ని వాతావరణ ఉపగ్రహాలు అక్కడ వింటాయి. ఆవిరి తన ఫ్రీక్వెన్సీ మార్చుకోదు కనుక ఉపగ్రహాలను ఇంకో బ్యాండుకు పంపే వీలు లేదు. 5జీ సిగ్నల్ పక్కకు కారితే తుఫాను అంచనాలు దెబ్బతింటాయని వాతావరణ శాస్త్రవేత్తలు మొత్తుకున్నారు. 2019లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో జరిగిన సదస్సుకు యూరప్ దేశాలు గట్టి హద్దు కావాలనే ఉమ్మడి ప్రతిపాదనతో వెళ్లాయి. అమెరికా చాలా సడలింపు కోరింది. చివరికి మధ్యేమార్గంగా ఒక హద్దు పెట్టి, 2027 సెప్టెంబరు 1 తర్వాత వచ్చే పరికరాలకు దాన్ని ఇంకా బిగించారు. తుఫానుల కోస్తాలో ఉండే మనకూ ఇది పరాయి గొడవేమీ కాదు.

స్ట్రాస్‌బర్గ్ ట్రామ్‌లో ఫోను ఏం చేస్తుంది

ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నుంచి ఒక ట్రామ్ రైన్ నది దాటి జర్మనీలోని కేల్ వెళ్తుంది. 2017 నుంచి నడుస్తోంది. నదికి అటూ ఇటూ టవర్లు ఉన్నాయి, రెండు దేశాల ఆపరేటర్లూ 3.4-3.8 గిగాహెర్ట్జ్‌లోనే 5జీ నడుపుతారు. బ్యాండు ఒకటే కాబట్టి ప్రయాణికుడి ఫోను రెండు ఒడ్లనా పనిచేస్తుంది. ఆ ఒకటే కావడం వల్లే టవర్లకు చిక్కొచ్చిపడుతుంది.

పాత బ్యాండుల్లో టవర్ నుంచి ఫోన్‌కు ఒక ఫ్రీక్వెన్సీ, ఫోన్ నుంచి టవర్‌కు ఇంకొకటి. 3.4-3.8లో అలా కాదు. ఒంటి వరస వంతెన మీద కాసేపు అటు బళ్లు, కాసేపు ఇటు బళ్లు వదిలినట్టు ఒకే ఫ్రీక్వెన్సీని సమయం పంచుకుని వాడతారు. మామూలుగా 2.5 మిల్లీసెకన్ల చక్రంలో ఐదు వంతులుంటాయి. మొదటి మూడూ టవర్ మాట్లాడేవి, నాలుగోది మారడానికి, ఐదోది టవర్ ఊరుకుని ఫోన్లు చెప్పేది వినేది.

ఇప్పుడు కేల్ టవర్ మాట్లాడే వంతులో స్ట్రాస్‌బర్గ్ టవర్ వింటోందనుకోండి. ఫోను పంపేది మామూలుగా 0.2 వాట్లు, అదీ గోడల మధ్య నుంచి, జేబులో నుంచి. ఎదుటి టవర్ వంద, రెండు వందల వాట్లతో, ఎత్తు మీద నుంచి, మధ్యలో అడ్డేమీ లేకుండా వచ్చేస్తుంది. వెయ్యి రెట్ల హోరులో ఫోను గొంతు వినబడదు. అందుకే నదికి రెండు వైపులా గడియారాలు మైక్రోసెకన్ల వరకు కలవాలి, వంతుల వరస కూడా కలవాలి. ఇంకా చిక్కేమిటంటే రేడియో తరంగం అర మిల్లీసెకనులో 150 కిలోమీటర్లు పోతుంది. సముద్రం మీద వాతావరణం అనుకూలిస్తే సిగ్నల్ అంతంత దూరాలూ వెళ్తుంది. అప్పుడు గడియారాలు కలిసినా పక్క వంతులోకి జొరబడుతుంది.

దీన్నిబట్టి ఒక విషయం తేలుతుంది. సరిహద్దు దగ్గరి కార్ఖానా ఒకటి, తన కెమెరాల నుంచి వీడియో ఎక్కువగా పైకి పంపాలి కాబట్టి వినే వంతులు పెంచమని అడిగితే, ఆపరేటర్‌కు ఇష్టమైనా కుదరదు. పక్క దేశం ఒప్పుకోవాలి. దేశాలు ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా కూర్చుని సరిహద్దు గీత దగ్గర సిగ్నల్ ఎంతకు మించకూడదో, టవర్లను గుర్తుపట్టే 1,008 కోడ్‌లలో ఎవరు ఏవి వాడాలో ఒప్పందాలు రాసుకుంటాయి.

ఒప్పందం కుదరనప్పుడు ఏమవుతుందో ఆడ్రియాటిక్ తీరంలో చూడొచ్చు. ఇటలీ ఎఫ్ఎం స్టేషన్లు తమ రేడియోలను మింగేస్తున్నాయని స్లొవేనియా, క్రొయేషియా ఏళ్లుగా ఐటీయూ దగ్గర మొరపెట్టుకుంటూనే ఉన్నాయి. ఐటీయూ దగ్గర పోలీసులు లేరు, హెచ్చరించగలదు, అంతే. తూర్పున ఇంకో రకం చిక్కు. 700 మెగాహెర్ట్జ్‌ను టీవీ నుంచి తీసి మొబైల్‌కు ఇవ్వడానికి యూనియన్ 2020 జూన్ 30ని గడువుగా పెట్టింది, తగిన కారణం ఉంటే రెండేళ్ల వెసులుబాటు ఇచ్చింది. రష్యా, బెలారుస్‌లకు ఆనుకుని ఉన్న బాల్టిక్ దేశాలూ పోలెండూ ఆ బ్యాండులో అవతలి ప్రసారాలతో అవస్థ పడ్డాయి. బ్రస్సెల్స్ గడువు మాస్కోకు పట్టదు కదా.

ఒకే నెల, ఒకే బ్యాండు, పది రెట్ల తేడా

ఇక మూడో విషయం, డబ్బు. 2018 అక్టోబరు మొదట్లో రెండు వేలాలు ముగిశాయి. రెండూ 5జీ మధ్య బ్యాండుకే.

ఇటలీలో 3.6-3.8 గిగాహెర్ట్జ్‌లోని 200 మెగాహెర్ట్జ్‌కు సుమారు 435 కోట్ల యూరోలు వచ్చాయి. జనాభా 6 కోట్లు. 435 కోట్లను 200తో, దాన్ని 6 కోట్లతో భాగిస్తే, ఒక్కో మెగాహెర్ట్జ్‌కు ఒక్కో మనిషి తల మీద దాదాపు 36 సెంట్లు. ఫిన్లాండ్‌లో 390 మెగాహెర్ట్జ్‌కు 7.76 కోట్ల యూరోలు, జనాభా 55 లక్షలు. అదే లెక్క కడితే 3.6 సెంట్లు. సరిగ్గా పదో వంతు.

లైసెన్సు కాలం ఇటలీలో 19 ఏళ్లు, ఫిన్లాండ్‌లో 15. ఆ తేడా పది రెట్లను వివరించదు. అసలు గుట్టు వేలాన్ని కూర్చిన తీరులో ఉంది. ఫిన్లాండ్ తన 390ని 130 చొప్పున మూడు సమాన ముక్కలు చేసింది. పెద్ద ఆపరేటర్లు ముగ్గురు, ముక్కలు మూడు. కొట్టుకోవడానికి ఏముంది? ఇటలీ రెండు 80లు, రెండు 20లు చేసింది. 5జీకి 20 ఒక మూలకు చాలదు, 80 దొరకకపోతే చేతులు కట్టుకు కూర్చోవాల్సిందే. టిమ్, వొడాఫోన్ ఆ 80ల కోసం ధరను అంతంత పైకి తీసుకెళ్లాయి. ముక్కలు కోసేటప్పుడే సగం ధర నిర్ణయమైపోతుందని నేను అనేది ఇందుకే.

జర్మనీ ఇంకో దారి పట్టింది. 3.7-3.8ని వేలంలో పెట్టకుండా ఫ్యాక్టరీల సొంత నెట్‌వర్కులకు అట్టిపెట్టి, మిగతాదాన్ని 2 గిగాహెర్ట్జ్ బ్యాండుతో కలిపి 2019లో 497 రౌండ్ల వేలంలో 655 కోట్ల యూరోలకు అమ్మింది. ఫ్రాన్స్ అయితే 2018లో పాత లైసెన్సులకు వేలమే వద్దనుకుని, పల్లెలకు కవరేజీ ఇస్తామన్న హామీ పుచ్చుకుని గడువు పొడిగించింది.

నెదర్లాండ్స్ ఆలస్యం మరీ విచిత్రం. ఇదే మధ్య బ్యాండును, అంటే 3.4-3.8 గిగాహెర్ట్జ్‌ను 2020 చివరికల్లా అందుబాటులోకి తేవాలని యూనియన్ చట్టం. అక్కడ బురుమ్ అనే ఊళ్లో ఇన్‌మార్‌శాట్ ఉపగ్రహ కేంద్రం ఉంది. నడి సముద్రంలో ఆపదలో ఉన్న ఓడల పిలుపులు దానికి అందేది ఈ బ్యాండులోనే. ప్రభుత్వం దాన్ని పక్కకు తప్పించాలని చూస్తే 2021లో కోర్టు అడ్డుపడింది. ఆ సేవలను గ్రీస్‌కు తరలించాక 2024లో గానీ వేలం పూర్తికాలేదు. జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్ మూడూ కలిసే వాల్స్ గుట్ట మీద నిలబడితే, జర్మనీ వైపు ఐదేళ్ల ముందే అమ్ముడైన ఫ్రీక్వెన్సీ, నాలుగడుగులు ఇవతల డచ్చి నేల మీద అప్పటిదాకా ఆపరేటర్ల చేతికి రాలేదు.

వేలాలూ ఉమ్మడిగా ఉండాలా

ఉండాలనేవాళ్ల వాదన తేలికగా కొట్టిపారేసేది కాదు. యూనియన్‌లో 34 మొబైల్ ఆపరేటర్ గ్రూపులు ఉన్నాయని ద్రాగి నివేదిక లెక్క. అమెరికాలో పెద్దవి మూడు. తేదీలు, షరతులు, కాలాలు 27 రకాలుగా ఉంటే రెండు మూడు దేశాల్లో వ్యాపారం చేసే కంపెనీ ఏ లెక్క మీద పెట్టుబడి పెడుతుందని కమిషన్ ప్రశ్న. వేలంలో ఖజానాకు పోయిన ప్రతి యూరో టవర్‌కు తగ్గినట్టేనని ఆపరేటర్ల గోడు.

వద్దనేవాళ్లకూ బలమైన కారణాలు ఉన్నాయి. స్పెక్ట్రమ్ జాతి సంపద, దాని ఆదాయం ఆ దేశ పార్లమెంటు చేతిలో ఉండాలన్నది ఒకటి. సైన్యం వాడే బ్యాండుల వివరాలు బయటపెట్టడం ఎవరికీ ఇష్టం లేకపోవడం మరొకటి. అడవుల మధ్య చెదురుమదురు ఊళ్లున్న ఫిన్లాండ్ అవసరం, ఇళ్లు కిక్కిరిసిన మాల్టా అవసరం ఒకటి కాదు. పైగా కంపెనీలు ఎక్కువ ఉండటం వల్లే అక్కడ మొబైల్ బిల్లు అమెరికా కంటే తక్కువ వస్తుందని వినియోగదారుల పక్షం వాళ్లు గుర్తుచేస్తారు. 2016లో కమిషన్ కనీసం 25 ఏళ్ల లైసెన్సులు కావాలని, దేశాల వేలాల రూపకల్పనలో తనకూ మాట ఉండాలని ప్రతిపాదిస్తే, సభ్య దేశాలు దాన్ని సాగదీసి, నీరుగార్చి, 2018 చట్టంలో 15 ఏళ్ల కనీస కాలంగా, అడిగితే తప్ప జరగని పరస్పర సమీక్షగా మిగిల్చాయి.

ఉమ్మడి వేలం అనగానే ఒకే ధర అనుకోనక్కర్లేదు. మన దగ్గర వేలం వేసేది కేంద్రం ఒక్కటే, తేదీ ఒకటే, షరతులు ఒకటే. అమ్మేది మాత్రం సర్కిళ్ల వారీగా. రాష్ట్రం విడిపోయినా తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కలిపి ఇప్పటికీ ఒకే సర్కిల్, దాని ధర ముంబై ధర కాదు. యూరప్‌కు ఈ నమూనా సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు. కాకపోతే ఇక్కడ డబ్బు ఒకే ఖజానాలో పడుతుంది, అక్కడ 27 ఖజానాలు.

బ్యాండులు కలిసినా ఫోను కలవకపోవచ్చు

జర్మనీకో ఐర్లండ్‌కో చదువుకు వెళ్లే మన పిల్లలకు పనికొచ్చే చిన్న సంగతి. యూరప్ పల్లెల్లో 4జీకి ఆధారం బ్యాండు 20, అంటే 800 మెగాహెర్ట్జ్. టీవీ ఖాళీ చేసిన చోటు అది. మన దేశంలో దానికి దగ్గర్లో వాడేది బ్యాండు 5, అంటే 850. పేర్లు దగ్గరైనా అమరిక వేరు. ఇక్కడి మార్కెట్ కోసం చేసిన చవక ఫోన్లు కొన్నిటిలో బ్యాండు 20 ఉండదు. బెర్లిన్‌లో బాగానే పనిచేసి, ఊరు దాటి రైలు పొలాల్లోకి వెళ్లగానే సిగ్నల్ పడిపోతుంది. 700లో ఈ బాధ తక్కువ. యూరప్ తన అమరికను ఆసియా-పసిఫిక్ అమరికలో ఇమిడేటట్టు ఎంచుకుంది కాబట్టి మన 700 ఫోను అక్కడా పలుకుతుంది.

ఇప్పటికి తేలనివి

టీవీ చేతిలో మిగిలిన 470-694 మెగాహెర్ట్జ్‌ను కనీసం 2030 వరకు టీవీకే ఉంచాలని యూనియన్ 2017లో నిర్ణయించింది. యాంటెనాతో టీవీ చూసే ఇళ్లు ఎక్కువగా ఉన్న ఇటలీ, స్పెయిన్‌లకూ, కేబుల్ అల్లుకున్న బెల్జియంకూ దీని మీద ఒకే అభిప్రాయం ఉండదు. 6 గిగాహెర్ట్జ్ పై భాగం వైఫైకా మొబైల్‌కా అన్నది ఇంకో పంచాయితీ.

వీటన్నిటికంటే దగ్గరలో ఉన్నది 2 గిగాహెర్ట్జ్ ఉపగ్రహ బ్యాండు. వేలం దేశాలదే అన్న నియమానికి ఇదొక అపూర్వమైన మినహాయింపు. ఉపగ్రహం నుంచి నేల మీద పడే సిగ్నల్‌కు సరిహద్దులు ఉండవు కాబట్టి, 2009లో ఎంపికను దేశాలకు వదలకుండా యూనియన్ స్థాయిలోనే చేసి ఇన్‌మార్‌శాట్, సొలారిస్ కంపెనీలకు చెరి సగం ఇచ్చారు. సొలారిస్ తర్వాత ఎకోస్టార్ చేతికి వెళ్లింది. ఆ హక్కులు 2027 మేలో ముగుస్తాయి. మామూలు ఫోనుకు నేరుగా ఉపగ్రహం నుంచి సిగ్నల్ ఇచ్చే పోటీ మొదలైన ఈ రోజుల్లో ఆ 60 మెగాహెర్ట్జ్ కోసం అమెరికా కంపెనీలూ, సొంత ఉపగ్రహ వ్యవస్థ కావాలంటున్న యూరప్ ప్రభుత్వాలూ బరిలో ఉన్నాయి. ఈసారి కూడా ఎంపిక బ్రస్సెల్స్ చేస్తుందా, ఎవరెవరికి ఎంతెంత దక్కుతుంది అన్నదాన్ని బట్టి, నేల మీది వేలాల్లో ఉమ్మడి బాట పట్టడానికి ప్రభుత్వాలు ఎంతవరకు సిద్ధమో కొంత తెలుస్తుంది.